ముడి, మట్టి, గుల్లసున్నం: కృష్ణా తీరంలో సొంతచేతి కట్టడాల చరిత్ర

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు తిరువూరు, హంసలదీవి ఒకే కృష్ణా జిల్లాలోని ఊళ్లు. మొదటిది ఖమ్మం సరిహద్దును ఆనుకొని, ఎర్రనేలల మెట్టలో, సముద్రానికి సూటిదూరంలో రమారమి 120 కిలోమీటర్ల ఎగువన ఉండగా, రెండవది కృష్ణానది కడలిలో కలిసే చోట, ఉప్పునేలలకూ ఇసుక దిబ్బలకూ నడుమ ఉన్నది. తిరువూరు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రమైనా, 1859లో కృష్ణా జిల్లా ఏర్పడిన నాటి నుంచి ఒకటిన్నర శతాబ్దానికి పైగా ఆ మెట్టా ఈ తీరమూ ఒకే పాలన కింద సాగాయి. పాలన కన్నా ముందునుంచే సరకుల రాకపోకలు వాటిని కలిపి ఉంచాయి. తీరవాసులు తమ ఇళ్లనూ పడవలనూ బావులనూ ఎలా నిర్మించుకున్నారన్నది తీరంలో నిలబడి మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది, ఎందుకంటే అక్కడ ఏమి దొరికేదన్న ప్రశ్నకు అక్కడ ఏమి దొరకదన్నదే మొదటి సమాధానం.

ఇక్కడ సొంతచేతి కట్టడం అంటే గుత్తేదారు ప్రమేయం లేకుండా, ఇంటివారూ ఇరుగుపొరుగువారూ కలిసి, కత్తి, గొడ్డలి, పార, గునపం వంటి పనిముట్లతో, దగ్గర దొరికే సామగ్రితో నిలబెట్టుకొనేదని అర్థం. కృష్ణా తీరంలో ఇటువంటి కట్టడాలకు మన్నిక ఇచ్చింది సామగ్రి గట్టిదనం కన్నా అతుకుల పొందిక, ఏటేటా విప్పి మార్చుకోగల వీలు. ఆ పద్ధతి గాలికీ ఉప్పుకూ ఇసుకకూ తట్టుకోగలిగింది గాని ఉప్పెనకు తట్టుకోలేకపోయింది. ఆ లోటును పూడ్చడానికి తరువాత వచ్చిన కట్టడాలు ప్రాణరక్షణలో ఎంతో మేలు చేస్తూనే, మరమ్మతు చేసుకొనే శక్తిని ఇంటివారి చేతినుంచి తప్పించాయి.

మెట్ట సరకు, తీరపు సరకు

విజయవాడ దాటిన తరువాత కృష్ణా డెల్టాలో సముద్రం దాకా కొండ అన్నది కనిపించదు. నది వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రుమట్టి, దాని అంచున సముద్రం వెనక్కి తగ్గుతూ విడిచిపోయిన ఇసుక దిబ్బలు, వాటి మధ్య పర్రలు, మడ అడవులు మాత్రమే ఆ నేల స్వరూపం. ఈ కారణంగా పునాదికి రాయి, దూలానికి టేకు, కప్పుకు మంచి వెదురు తీరంలో దొరికేవి కావు. మైలవరం, తిరువూరు మీదుగా భద్రాచలం వైపు పోయే దారి, ప్రస్తుతం ఇబ్రహీంపట్నం నుంచి జగదల్‌పూర్ వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి, వెదురూ కలపా కరక్కాయా దొరికే అడవి ప్రాంతాలకు తీసుకుపోయేది. గోదావరి మీదుగానైతే ఎగువ అడవుల టేకు తెప్పలుగా కట్టి దిగువకు వదిలేవారు. 17వ శతాబ్దంలో నరసాపురం, దాని సమీపంలోని మాధవాయపాలెం ఐరోపా వర్తకులు కూడా ఓడలు కట్టించుకొనే కేంద్రాలుగా ఎదగడానికి ఆ కలపే ఆధారం.

తీరం నుంచి ఎగువకు పోయినవి ప్రధానంగా ఉప్పు, ఎండుచేప. ఉప్పు కొటార్లలో, అంటే సముద్రపు నీటిని మడులలోకి పారించి ఎండబెట్టే క్షేత్రాలలో, తయారైన ఉప్పును బంజారాలు ఎడ్ల మందలపై పెరికెలు వేసుకొని తెలంగాణకూ మధ్యభారతానికీ చేరవేసేవారు. ఈ రాకపోకల వలన తీరపు కట్టడాలలో రెండు రకాల సామగ్రి కలిసింది. తరచు మార్చవలసిన ఆకు, గడ్డి, నార, మట్టి, గుల్ల తీరంలోనే సమకూరగా, అరుదుగా మాత్రమే మార్చే వెదురు, టేకు, ఇనుము కొనితెచ్చినవి. ఖర్చయ్యేది ఎప్పుడో ఒకసారి కొనాలి, తరచు పాడయ్యేది పెరట్లోనే దొరకాలి అన్న ఈ లెక్క ఎవరూ రాసిపెట్టినది కాకపోయినా, పేద కుటుంబం పరిమితులకు సరిగ్గా సరిపోయినది.

ఒకే చెట్టు మీద నిలిచిన ఇల్లు

తీరపు ఇసుక దిబ్బలపై నీరు పెట్టకుండా, కాపలా లేకుండా పెరిగే చెట్టు తాడి. చాలా చెట్లకు చేవ, అంటే ముదిరిన గట్టి కలప, మానులో నడిమి భాగాన ఉంటే, తాడికి అది వెలుపలి వలయంలో ఉంటుంది. లోపలిది మెత్తని దవ్వ. ముదిరిన తాడిని నిలువునా చీల్చి, దవ్వను చెక్కివేసి, నల్లని నారతో బిగుసుకొన్న వెలుపలి భాగాన్ని దూలాలుగా, వాసాలుగా వాడారు. దవ్వను తొలిచివేసిన సగం మాను నీటికి కాలువగానూ, కొల్లేటి వంటి లోతులేని నీళ్లలో దోనెగానూ ఉపయోగపడింది. ఆకు కప్పుకు, మట్ట దడికి, మట్ట మొదట్లోని నార కట్టుకు పనికివచ్చాయి. వాసం అంటే కప్పు నడినెత్తి నుంచి గోడ మీదికి ఏటవాలుగా దిగే కర్ర; దాని మీద అడ్డంగా వెదురు బద్దలు కట్టి, వాటికి ఆకును వరుసలుగా బిగిస్తే కప్పు తయారవుతుంది. ఈ మొత్తంలో ఇనుప మేకు అవసరం ఎక్కడా రాదు.

మేకు లేకపోవడం పేదరికం వలన మాత్రమే జరిగింది కాదు. సముద్రపు గాలిలో తేలివచ్చే ఉప్పు తుంపరకు సన్నని ఇనుము త్వరగా తుప్పుపడుతుంది, తుప్పుపట్టిన మేకు చుట్టూ కలప కుళ్లుతుంది, గాలికి కప్పు ఊగినప్పుడల్లా ఆ రంధ్రం వెడల్పవుతుంది. నారతాడుతో వేసిన ముడి కొద్దిగా సడలి మళ్లీ బిగుసుకొంటుంది. పాడైతే కంటికి కనిపిస్తుంది, కత్తితో కోసి కొత్తది వేయవచ్చు. వెదురును వాడేముందు చెరువులోనో కాలువలోనో వారాల తరబడి నానవేయడం కూడా ఇటువంటి పరిజ్ఞానమే: వెదురులోని పిండిపదార్థం నీటిలోకి కరిగిపోతే పుచ్చు పురుగుకు ఆహారం మిగలదు. పాతే గుంజ మొదలును మంటలో నల్లబడే దాకా కాల్చడం వలన నేలలోని తేమ, చెద ఆ భాగాన్ని ఆలస్యంగా తాకుతాయి.

ఈ సామగ్రితో రూపొందిన ఇళ్లలో అత్యంత గమనార్హమైనది చుట్టిల్లు. శ్రీకాకుళం నుంచి కృష్ణా డెల్టా దాకా తీరం పొడవునా కనిపించిన ఈ ఇంటికి గుండ్రని మట్టిగోడ, శంఖు ఆకారపు కప్పు, మనిషి వంగి వెళ్లవలసినంత కిందికి దిగిన చూరు ప్రధాన లక్షణాలు. మట్టిలో తరిగిన గడ్డి కలిపి తొక్కి, ముద్దలుగా వేసి మూరెడు ఎత్తున ఒక వరుస లేపి, అది ఆరిన తరువాతే పై వరుస వేసేవారు. తొందరపడితే తడిగోడ తన బరువుకే కుంగుతుంది. చిన్న చుట్టింట్లో వాసాల కొసలన్నీ శిఖరం దగ్గర ఒకే కట్టులో కలిసేవి, పెద్దదానిలో నడిమన నిట్రాట అనే నిలువు స్తంభం ఆ బరువును మోసేది.

గాలి ఇంటిని కూల్చే తీరును ఆధునిక ఇంజనీరింగ్ వివరించిన తరువాత ఈ ఆకారంలోని వివేకం స్పష్టపడింది. గాలి కప్పును నొక్కడం కన్నా పైకి లాగడం వలననే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఆ లాగుడు మూలల దగ్గర, చూరు అంచుల దగ్గర, వాలు తక్కువగా ఉన్న కప్పుల మీద తీవ్రంగా ఉంటుంది. గుండ్రని ఇంటికి మూలలు లేవు, వాలు ఎక్కువ, చూరు నేలకు దగ్గరగా ఉండడంతో గాలి దాని కింద చొరబడి పైకెత్తే అవకాశం తక్కువ. ఆపైన మోకులతో, అంటే లావైన తాళ్లతో, కప్పును పైనుంచి బిగించి నేలలోని గుంజలకు కట్టడం తుపాను కాలానికి ముందు జరిగే పని. లోపల చీకటి, గాలి తక్కువ, ఎండాకాలంలో నిప్పు భయం అన్నవి ఈ ఇంటి లోపాలు. తిరువూరు మెట్టలో అదే మట్టిగోడ, అదే తాటి దూలం ఉన్నా, గాలి కన్నా ఎండే పెద్ద బాధ కాబట్టి గోడ మందంగా లేచింది, చూరు పైకి పోయింది, నలుచదరపు గదులు, గూన పెంకుల కప్పు వాడుకలోకి వచ్చాయి. ఒకే సామగ్రి రెండు వాతావరణాలలో రెండు ఆకారాలు దాల్చిన తీరును బట్టి, చుట్టింటి రూపం అలవాటుగా కాక అవసరంగా పుట్టినదని చెప్పవచ్చు.

గుల్లసున్నం

ఉప్పునేల మీది మట్టిగోడకు మరొక శత్రువు చౌడు. నేలలోని ఉప్పునీరు గోడలోకి పాకి, ఎండినప్పుడు ఉప్పు స్ఫటికాలుగా పేరుకొని, గోడ పైపొరను పొడిగా రాల్చివేస్తుంది. దీనికి విరుగుడుగా గోడ అడుగు భాగాన్ని ఏటా అలకడం, తాహతు ఉన్నచోట సున్నపు పూత వేయడం ఆచారాలయ్యాయి. సున్నపురాయి లేని తీరంలో సున్నానికి మూలం నత్తగుల్లలు, ఆల్చిప్పలు. వాటిని బొగ్గుతోనో ఊకతోనో పొరలు పొరలుగా పేర్చి బట్టీలో కాల్చి, నీటితో విరిస్తే గుల్లసున్నం వస్తుంది. ఇసుకతో కలిపి, ఎడ్లు తిప్పే గానుగలో, అంటే గుండ్రని కాలువలో రాతిచక్రం దొర్లే యంత్రంలో, నూరితే అది గానుగ సున్నం. మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన కరక్కాయ నానబెట్టిన నీరు, బెల్లపు నీరు అందులో కలపడం వలన పూత పనికి అనువుగా జిగురెక్కి, నెమ్మదిగా ఆరి, పగుళ్లు తగ్గేవి.

సున్నపు పూతకూ సిమెంటు పూతకూ తేడా తీరంలో తేటగా తెలుస్తుంది. సున్నం తేమను లోపల బంధించదు. గోడలోకి వచ్చిన తడి మళ్లీ వెలుపలికి పోతుంది, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొంటూ సున్నం ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. మట్టిగోడ మీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకొని, పూత పెచ్చుగా ఊడి, దానితో మట్టి కూడా రాలుతుంది. ఖర్చు పెట్టి చేసిన బాగుచేత గోడ ఆయుష్షును తగ్గించిన ఉదాహరణ ఇది. తరువాతి కాలంలో తీరం అంతటా ఈ పొరపాటు మరింత పెద్ద స్థాయిలో పునరావృతమైంది.

తెప్ప, సంగడి, కుట్టు పడవ

ఇంటి కప్పులో కనిపించే సూత్రమే నీటిమీద మరింత స్పష్టంగా కనిపిస్తుంది. క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు నౌకాగ్రంథం ‘పెరిప్లస్’ తూర్పుతీరంలో మాసాలియా ప్రాంతాన్ని, అంటే కృష్ణా ముఖద్వార సీమను, సన్నని నూలుబట్టకు ప్రసిద్ధమైనదిగా పేర్కొంటూ, ఈ తీరంలో ఒంటిమాను పడవలను జతగా కట్టి నడిపే సంగర అనే నౌకలను ప్రస్తావించింది. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల నిర్మాణంపై వెలువరించిన పరిశోధనలో, తొలిచిన తాటి మానులను జతచేసి కట్టే సంగడిని వర్ణించాడు. పద్దెనిమిది వందల ఏళ్ల ఎడంలోని రెండు రాతలను నేరుగా ముడిపెట్టడం సాహసమే అయినా, రెండు చిన్న మానులను కట్టి ఒక పెద్ద నౌకగా మార్చే ఆలోచన ఇక్కడ పాతదని మాత్రం తేలుతుంది.

తెప్ప అన్నది తేలికైన దుంగలను పక్కపక్కన చేర్చి కట్టిన నౌక. దానికి లోపలి భాగం అంటూ లేదు కాబట్టి నీరు నిండి మునిగే ప్రశ్నే రాదు; అలలు దుంగల సందుల్లోంచి పైకీ కిందికీ పోతాయి. ఉత్తర తీరంలో దుంగలకు చెక్క చీలలు దిగ్గొట్టే పద్ధతి కూడా కనిపించినా, తాడు కట్టుదే ప్రధాన పాత్ర. నీరు పీల్చి బరువెక్కిన దుంగలను ఒడ్డున విప్పి ఆరబెట్టుకోవడం, పాడైన ఒక్క దుంగను మార్చి మిగిలినవాటిని యథాతథంగా ఉంచుకోవడం దీనివలన సాధ్యమైంది. సరకుల రవాణాకు, ఓడల నుంచి మనుషులను ఒడ్డుకు చేర్చడానికి వాడిన కుట్టు పడవ, ఐరోపా నావికుల రాతలలో మసూలా పడవగా పేరొందినది, పలకలను కొబ్బరి పీచుతాడుతో కుట్టి తయారయ్యేది. ఓడరేవు గోడలు లేని ఈ తీరంలో ఎత్తైన అలలు పడవను ఎత్తి ఇసుక మీద పడవేస్తాయి. మేకులతో బిగిసిన పడవ ఆ దెబ్బకు పగిలితే, కుట్టు పడవ కాస్త వంగి దెబ్బను పంచుకొనేది. కుట్ల సందులలో పీచు కూరి, గుగ్గిలాన్ని నూనెతో కలిపి పూసేవారు. నీరు కొంత కారుతూనే ఉండేది, దానిని తోడిపోయడానికి ఒక మనిషి పడవలోనే ఉండేవాడు. పూర్తిగా కారని పడవ కన్నా, విరగని పడవనే ఈ తీరం కోరుకున్నది.

చలమ, దొరువు

తీరవాసానికి ఇల్లూ పడవా ఎంత ముఖ్యమో మంచినీరూ అంతే ముఖ్యం. అక్కడ కూడా బలం కన్నా పొదుపే పని చేసింది. ఇసుక దిబ్బల మీద పడిన వాననీరు కిందికి ఇంకి, సాంద్రత ఎక్కువైన ఉప్పునీటి మీద పలచని పొరగా తేలుతుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మందాన మంచినీరు నిలిస్తే, ఆ మట్టానికి దిగువన సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉండగలదన్నది 19వ శతాబ్దపు చివరిలో ఐరోపా శాస్త్రవేత్తలు సూత్రీకరించిన నియమం. దీని తాత్పర్యం ఏమిటంటే, పైన ఒక అడుగు నీటిని తొందరపడి తోడేస్తే కింది ఉప్పునీరు ఎన్నో అడుగులు పైకి ఉబుకుతుంది. ఇసుకలో చేతితో తవ్వే చలమ, దానికన్నా పెద్దదై సాగునీటికి పనికివచ్చే దొరువు, రెండూ లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ అన్న కొలతను పాటించాయి. ఊరిన మేరకే తోడడం, మళ్లీ ఊరేదాకా ఆగడం వాటి నియమం. చుట్టూ ఇసుక జారకుండా మట్టి ఒరలు దించడం పాత పద్ధతి. ఒర అంటే కాల్చిన మట్టితో చేసిన పెద్ద వలయం, ఇటువంటి ఒరల బావులు శాతవాహన కాలపు జనావాసాల తవ్వకాలలో కూడా బయటపడ్డాయి. 20వ శతాబ్దంలో గొట్టపు బావులు లోతుకు దిగి, విద్యుత్తు మోటార్లు గంటల తరబడి తోడడంతో చాలా చోట్ల నీరు ఉప్పగా మారింది. బాపట్లలోని ఉప్పునీటి వినియోగ పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు చివరకు పాత దొరువు సూత్రాన్నే మెరుగుపరచి, ఇసుకలో అడ్డంగా రంధ్రాల గొట్టాలు పరచి పైపొర నీటిని మాత్రమే నెమ్మదిగా సేకరించే పద్ధతిని రైతులకు అందించారు.

బందరు, 1864

బందరు అని కూడా పిలిచే మచిలీపట్నం వంటి పెద్ద రేవులో సైతం చాలాకాలం ఇళ్లు ఇదే తరహాలో ఉండేవి. 1618 నుంచి 1622 దాకా అక్కడ ఉన్న ఆంగ్ల వర్తకుడు విలియం మెత్‌వోల్డ్, ఆ పట్టణానికి ప్రాకారం లేదనీ, కట్టడాలు నాసిరకమనీ, నీరు ఉప్పనీ రాశాడు. 1652లో అక్కడ దిగిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఇళ్లు కలపవే అని గమనించాడు. గోల్కొండ సామ్రాజ్యపు ప్రధాన రేవు ఇంత పేలవంగా ఉండడం వారికి వింతగా తోచినా, స్థానికుల కోణంలో అది అవివేకం కాదు; పడిపోతుందని తెలిసిన చోట పెట్టుబడిని గోడలలో పాతిపెట్టడం కన్నా సరకులో ఉంచడమే మేలు. డచ్చివారు, ఆంగ్లేయులు ఇటుక, సున్నంతో గోదాములూ కోటా కట్టారు.

రెండు పద్ధతులకూ పరీక్ష 1864 నవంబరు 1 రాత్రి ఎదురైంది. తుపాను కేంద్రంలోని అల్పపీడనమూ, ఒడ్డు వైపు వీచే గాలీ కలిసి సముద్రమట్టాన్నే పైకెత్తి నేల మీదికి నెట్టడాన్ని ఉప్పెన అంటారు. ఆ రాత్రి బందరు మీదికి వచ్చిన ఉప్పెన పోటు మట్టానికి 13 అడుగుల ఎత్తున లేచింది. సుమారు 30 వేల మంది మరణించారు. గాలికి నిలిచే చుట్టిల్లు నీటికి నిలవదు, ఎందుకంటే తడిసిన మట్టిగోడ కరిగిపోతుంది, చూరు కిందికి ఉండడం వలన నీరు లేచాక లోపలివారికి బయటపడే దారి మిగలదు. గాలి నుంచి కాపాడిన లక్షణమే నీటిలో ఉచ్చుగా మారింది. ఇటుక కట్టడాలలో కొన్ని నిలిచినా పట్టణం కోలుకోలేదు. ఆ తరువాత కోటలోని సైనిక స్థావరాన్ని కూడా ఎత్తివేశారు. 1883లో కృష్ణా జిల్లా మాన్యువల్ వెలువరించిన గోర్డన్ మెకెంజీ వంటి అధికారులు ఈ విపత్తును వివరంగా నమోదు చేశారు గాని, పూరిళ్లలో ఉండేవారికి వేరే ఆశ్రయం కల్పించే ఆలోచన అప్పటి ప్రభుత్వ పనులలో చోటుచేసుకోలేదు.

ఇదే కాలంలో డెల్టా రూపురేఖలు కూడా మారాయి. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలువలు పారడంతో వరి సాగు విస్తరించి, కప్పుకు వరిగడ్డి సమృద్ధిగా దొరికింది. కాలువల మీద పడవలలో రాయి, సున్నం, కలప తీరానికి చౌకగా చేరాయి. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ మొదలుపెట్టిన యంత్రపు పెంకులు, తెలుగునాట బెంగుళూరు పెంకులుగా వ్యవహరించబడినవి, క్రమేణా కలిగినవారి ఇళ్లకెక్కాయి. తీరపు చేపలవాడలలో మాత్రం తాటాకే కొనసాగింది.

1977 తరువాత

1977 నవంబరు 19న కృష్ణా ముఖద్వారాల నడుమనున్న దివిసీమను ముంచిన ఉప్పెన 5 మీటర్లకు పైగా లేచింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది చనిపోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్లు ఆ విషాదానికి పర్యాయపదాలయ్యాయి. ఈసారి ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ కట్టడాల వైపు చూడక తప్పలేదు. ఎత్తైన స్తంభాల మీద నిలిపిన కాంక్రీటు తుపాను ఆశ్రయాలు తీరం వెంట లేచాయి, గాలిని విరిచే సరుగుడు తోటలు నాటారు, 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడి పూరిళ్ల స్థానంలో పక్కా ఇళ్లు కట్టించడం పెద్ద కార్యక్రమంగా మారింది. 1990 మేలో కృష్ణా ముఖద్వారాల దగ్గర తీరం దాటిన తీవ్ర తుపానులో మరణాలు వెయ్యిలోపే ఉండడానికి ముందస్తు హెచ్చరిక, లక్షకు మించిన జనాన్ని తరలించడం, తలదాచుకొనే గట్టి కట్టడాలు ఉండడం కారణాలు. ఉప్పెనకు చుట్టింటి దగ్గర లేని సమాధానం కాంక్రీటు దగ్గర ఉన్నదన్నది వివాదం లేని విషయం.

అయితే ఉప్పుకు సమాధానం కాంక్రీటులో తనంతట తానుగా ఉండదు. తుంపరలోని ఉప్పు కాంక్రీటు సూక్ష్మరంధ్రాల గుండా పాకి లోపలి ఇనుప కడ్డీని చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు లోహం కన్నా రెట్టింపుకు మించిన చోటు ఆక్రమించడం వలన కాంక్రీటు లోపలినుంచే పగిలి పెచ్చులూడుతుంది. దీన్ని నివారించడానికి 2000 సంవత్సరపు భారతీయ ప్రమాణం ఐఎస్ 456, తీరవాతావరణంలో కడ్డీకీ ఉపరితలానికీ మధ్య కనీసం 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర, అంటే కవరు, ఉండాలనీ, సముద్రపు తుంపర నేరుగా తగిలే చోట అది 50 మిల్లీమీటర్లకు పెరగాలనీ, కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదనీ చెబుతుంది. దగ్గర దొరికే సామగ్రితో కట్టుకోవడమే వివేకమైన పాత పద్ధతి ఇక్కడ తలకిందులైంది; తీరపు ఇసుక, పక్కనున్న ఉప్పటి బావినీరు చవకగా దొరుకుతాయి, వాటితో కలిపిన కాంక్రీటు ఆరంభంలో గట్టిగానే కనిపిస్తుంది, పాడవడం మాత్రం కొన్నేళ్ల తరువాత, కంటికి కనిపించని చోట మొదలవుతుంది. తాటాకు కప్పులో సడలిన ముడిని ఇంటావిడ కింది నుంచే చూసి చెప్పగలదు. స్లాబులోని తుప్పును పెచ్చు ఊడేదాకా ఎవరూ చూడలేరు.

పక్కా ఇంటికీ పూరింటికీ మధ్య నిలిచిన రేకుల ఇళ్లలో ఇదే పాఠం వేరే రూపంలో ఎదురవుతుంది. రేకుల కప్పుకు వాలు తక్కువ, బరువు తక్కువ, అంచులు వెలుపలికి పొడుచుకొని ఉంటాయి. అంటే గాలి లాగుడుకు అన్ని విధాలా అనువైన ఆకారం. చుట్టింటి మీద మోకులు చేసిన పనిని ఇక్కడ కొక్కెపు బోల్టులు, వాటి కింద వెడల్పు వాషర్లు చేయాలి. అంచు వరుసలో అవి మరింత దగ్గర దగ్గరగా ఉండాలి, తుప్పుపట్టిన వాటిని తుపాను కాలానికి ముందే మార్చాలి. గాలిభారంపై భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగం 2015లో సవరించినప్పుడు, తూర్పుతీరం వెంబడి 60 కిలోమీటర్ల పట్టీలోని ముఖ్య నిర్మాణాలకు అదనపు గుణకాన్ని చేర్చింది. తిరువూరు ఆ పట్టీకి వెలుపలనే ఉన్నా, మెట్టలోని మేస్త్రీలు ఇదే రేకులు, ఇవే బోల్టులు వాడుతున్నందున ఒకచోటి అలవాటు రెండవచోటికి సులువుగా పాకుతుంది, తీరానికి చాలని బిగింపు తీరంలోకి అలాగే ప్రవేశిస్తుంది.

నీటిమీద కూడా మార్పు ఇదే దిశగా సాగింది. ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా ఆరంభించిన బంగాళాఖాత కార్యక్రమం, ఒడ్డునే దిగగలిగే పడవల నమూనాలను ఆంధ్ర తీరంలో పరీక్షించింది. ఆ తరువాతి దశాబ్దాలలో దుంగల తెప్ప స్థానంలో ఫైబర్ తెప్ప నిలిచింది. అది నీరు పీల్చదు, కుళ్లదు, మోటారుకు అనువైనది. పగిలిన ఫైబరును రెసిన్‌తో, గాజునార బట్టతో అతికించడం నేర్చుకొన్న యువకులు ప్రతి రేవులోనూ తయారయ్యారు కాబట్టి, కొత్త సామగ్రి అయినప్పటికీ మరమ్మతు రేవు దాటిపోలేదు. కాంక్రీటు ఇంటి విషయంలో జరగనిది తెప్ప విషయంలో జరిగిందంటే, తేడా పాతకొత్తలలో లేదు, పనిని వాడుకరి నేర్చుకోగలగడంలో ఉన్నది.

ఎగువకూ దిగువకూ మధ్య సరకుల బాట కూడా తెగిపోలేదు, సరకు మాత్రమే మారింది. వెదురుకూ కరక్కాయకూ బదులు, జగ్గయ్యపేట పరిసరాల సున్నపురాయి నుంచి తయారయ్యే సిమెంటు ఇప్పుడు దిగువకు పోతున్నది. వెదురుతోపాటు దానిని నానవేయడం, కట్టడం తెలిసిన చేతులు ఉండేవి. సిమెంటు బస్తాతోపాటు కవరు ఎంత ఉండాలో, ఏ నీరు కలపరాదో, పగులును ఎప్పుడు విప్పి చూడాలో తెలిపే చేతులు ఇంకా అంతగా వెళ్లలేదు. ఉప్పెనకు ఊరుమ్మడి ఆశ్రయం ప్రభుత్వ బాధ్యత, గాలికీ ఉప్పుకూ నిలిచే ఇల్లు కుటుంబపు పని అన్న విభజన 1977 తరువాత ఆచరణలో స్థిరపడింది. మొదటి సగం చాలావరకు నెరవేరింది. రెండవ సగం నెరవేరాలంటే పక్కా ఇంటిని అప్పగించడంతో పని ముగిసినట్లు కాదు, దానిని ఏటా పరీక్షించి బాగుచేసుకొనే నేర్పును కూడా ఇంటివారికి అప్పగించవలసి ఉంటుంది.